అన్ని చోట్లా ఓదెలే

బొగ్గు బాయిలో, అంటే గనిలో, షిఫ్టు నడిపే గట్టయ్యకు ఆరో బాయి కాలనీలో మంచివాడని పేరు ఉండేది, కానీ ఎవరి మొహం మీదా 'కాదు' అనలేని మొహమాటం ఒకటి అతన్ని పట్టుకొని ఉండేది.

పొద్దున షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఎవరు ఏ పనికి పోవాలో చెప్పేది అతనే. "అన్నా, ఇయ్యాల మా బిడ్డను దవాఖానకు తీస్కపోవాలె" అని ఒకడు వస్తే "సరే, పో" అనేవాడు. "అన్నా, మా తమ్ముని లగ్గం మాటలున్నయ్" అని ఇంకొకడు వస్తే "నువ్వు గూడ పో" అనేవాడు. వాళ్ళ పనిలోకి బదిలీవాళ్ళను దింపేవాడు. బదిలీవాడంటే సొంత పని లేనివాడు. ఎవరు నాగా పెడితే వాళ్ళ బదులు దిగుతాడు. ఇవాళ బొగ్గు ఎత్తుతాడు, రేపు పంపు దగ్గర కూర్చుంటాడు, ఎల్లుండి బాయి కప్పుకు ఆనించే దుంగలు మోస్తాడు. అందువల్ల గట్టయ్య షిఫ్టులో ఒక్క చోటు కూడా ఏనాడూ ఖాళీగా ఉండలేదు. అతనికి అదే గొప్ప.

కాలనీ ఫుట్‌బాల్ జట్టును నడిపేది కూడా గట్టయ్యే. గ్రౌండు అంటే పచ్చగడ్డి అనుకునేరు. బాయిలోంచి తీసి పారేసిన నల్ల రాళ్ళను పక్కకు నెట్టి, షిఫ్టు దిగినవాళ్ళే చదును చేసుకున్న జాగా అది. అక్కడ పడితే మోకాలు చెక్కుకుపోయి నల్ల మచ్చ పడుతుంది. గట్టయ్య ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం తన చేత్తోనే ఆ గ్రౌండు మీద సున్నం గీతలు గీసేవాడు.

ఆ జట్టులో ఓదెలు అని ఒక బదిలీ కార్మికుడు ఉండేవాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. తాడులాగా సన్నగా ఉండేవాడు. మాట తక్కువ. వెనక నిలబెడితే ఎదుటివాళ్ళను కదలనిచ్చేవాడు కాదు. ముందు నిలబెడితే గోలు కొట్టేవాడు. పక్క నుంచి పరిగెత్తమంటే పరిగెత్తేవాడు. గోలుకు కాపలా ఉండమంటే చేతులకు గ్లౌజులు తొడుక్కునేవాడు. ఏది చెప్పినా "సరే అన్నా" అనేవాడు.

అట్లాంటివాడు దొరికితే మొహమాటస్తుడు ఊరుకుంటాడా? గట్టయ్య జట్టును కూడా షిఫ్టు నడిపినట్టే నడిపాడు.

ఎడమ వైపు వెనక ఆడే రాయలింగుకు ఎడమ కాలు తిరిగేది కాదు. అక్కడ బంతి వస్తే కాళ్ళు రెండూ పెనవేసుకొనేవి. ఆ మాట రాయలింగుతో అనలేక, ఓదెల్ని ఎడమ వైపు పంపేవాడు. గోల్‌కీపర్ మొగిలికి వారానికొకసారి వేలు నొప్పి పుట్టేది. "రెస్టు తీస్కో" అని ఓదెల్ని గోలులో నిలబెట్టేవాడు. జనార్దన్ అనే పొడుగాటి మనిషి యూనియన్ లీడరుకు బామ్మర్ది. నెత్తికి ఎర్ర పట్టీ కట్టుకొని గ్రౌండు నడిమధ్యన నిలబడటం అతనికి సరదా. నడిమధ్యనైతే నలుగురూ చూస్తారు. బంతి దగ్గరికి మాత్రం పరిగెత్తేవాడు కాదు. అతని వెనక మిగిలిన బంతులన్నీ ఏరుకునే పని కూడా ఓదెలుదే.

పదిమందికీ కావలసిన చోటు దొరికింది. ఎవరికీ ఏ బాధా లేదు. ఓదెలుకు ఉందేమోనని ఎవరూ అడగలేదు.

కానీ జట్టు మాత్రం గెలిచేది కాదు. నాలుగేళ్ళుగా అడుగునే ఉంది. ఐదో ఏడు ఏరియా కప్పు మొదలయ్యే ముందు, కంపెనీలో ఆటల సంగతి చూసే స్పోర్ట్స్ సారు గట్టయ్యను ఆఫీసుకు పిలిచాడు.

"గట్టయ్యా, ఈసారి ఫైనల్‌కు రాకపోతే మీ జట్టును ఎనిమిదో బాయి జట్టులో కలిపేస్తాం. రెండు జట్లకు బూట్లు, బట్టలు ఇచ్చుడు మాతోని కాదు."

"సారూ, ఇరవై ఏండ్ల జట్టు సారూ."

"ఇరవై ఏండ్ల జట్టైతే ఇరవై ఏండ్ల జట్టు లెక్క ఆడమను."

గట్టయ్య దండం పెట్టి బయటికి వచ్చాడు. తన చేతులతో పెంచిన జట్టు తన కళ్ళ ముందే పోతుందంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

ఆరు బాయిల జట్లు. ఆదివారానికి ఒక ఆట. ప్రతి జట్టుతో ఒక్కోసారి ఆడాలి. అంటే ఒక్కొక్కరికి ఐదు ఆటలు. ఎక్కువ గెలిచిన రెండు జట్లు ఫైనల్ ఆడతాయి.

మొదటి ఆటకు రాయలింగు మరదలి ఓణీల పండుగకు పోయాడు. ఓదెలు ఎడమ వైపు ఆడాడు. ఎట్లాగో ఒక్క గోలుతో గెలిచారు. రెండో ఆటకు మొగిలికి వేలు నొప్పి. ఓదెలు గోలులో నిలబడి ఏడు బంతులు ఆపాడు. అటు వాళ్ళూ కొట్టలేదు, ఇటు వీళ్ళూ కొట్టలేదు. కొట్టేవాడు గోలులో నిలబడి ఉంటే ఎవరు కొడతారు?

మూడో ఆట నాలుగో బాయితో. ఆ రోజు గట్టయ్యకు కంగారు ఎక్కువైంది. ముందు ఓదెల్ని ఎడమ వైపు వెనక, రాయలింగు పక్కన పెట్టాడు. కాసేపటికి జనార్దన్ అలసిపోయినట్టు కనబడితే చేయి ఊపి నడిమధ్యకు పిలిచాడు. ముందు వరసలో సదయ్యకు బంతి అందడం లేదని ఇంకో చేయి ఊపి ముందుకు తోలాడు. వెనక ఖాళీ కనబడితే మళ్ళీ చేయి ఊపాడు. గట్టయ్య చేయి ఊపిన ప్రతిసారీ ఓదెలు పరిగెత్తాడు. కొంగలను తోలుతున్నట్టు ఆ చేయి ఊగుతూనే ఉంది.

ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా చెరొక గోలు మీద ఉన్నారు. అప్పుడు నాలుగో బాయివాళ్ళు ఒక బంతిని ఎత్తుగా కొట్టారు. అది వచ్చి రాయలింగుకూ జనార్దన్‌కూ నడుమ పడింది. రాయలింగు ఓదెలు వైపు చూశాడు. జనార్దన్ కూడా ఓదెలు వైపు చూశాడు. ఓదెలు నాలుగడుగులు పరిగెత్తి, ఆగిపోయి, గట్టయ్య వైపు చూశాడు. బంతి ఒకసారి ఎగిరింది, రెండోసారి ఎగిరింది. నాలుగో బాయి ఆటగాడు మధ్యలోంచి దూరి దాన్ని గోలులోకి తన్నాడు. ముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు, బస్సు తప్పిపోయినవాళ్ళలాగా.

ఆట పోయింది.

ఎనిమిదో బాయి కోచ్ చూడటానికి వచ్చి ఉన్నాడు. పోతూ పోతూ గట్టయ్య భుజం మీద చేయి వేశాడు. "గట్టన్నా, ఎట్లాగూ వచ్చే ఏడు మా దగ్గరికే వస్తరు గని, మీ ఓదెల్ని ఇప్పుడే పంపరాదు? మేమైతే ఒక్క దగ్గర నిలబెట్టి ఆడిపిస్తం" అని నవ్వాడు.

గట్టయ్యకు ఒళ్ళు మండింది. ఆ మంట ఎనిమిదో బాయివాడి మీద చూపలేడు. ఓదెలు మీద చూపాడు.

"ఏందిర ఓదెలూ, బంతి ముందు పడితే ఆగుతవేందిర? కాళ్ళు పడిపోయినయా?"

ఓదెలు మోకాలి మీద నల్లదుమ్ము దులుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఇప్పుడు నేను ఎవరి బదులు ఆడుతున్ననో యాదికి రాలే అన్నా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

ఇంటికి పోయేసరికి అతని భార్య మధునమ్మ వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఓడిపోయిన సంగతి ఆమెకు గల్లీలో పిల్లల అరుపులతోనే తెలిసింది. గట్టయ్య అరుగు మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. ఓదెలు అన్న మాట కూడా చెప్పాడు.

"పోరనికి పొగరెక్కింది" అన్నాడు చివర్న.

"ఎవలికి? ఓదెలుకా?" మధునమ్మ చేతిలో కాయ ఆగింది. "ఆ పిలగానికి పొగరు ఎక్కితే బాగుండు. నాలుగేండ్ల కిందనే ఎక్కితే ఇంకా బాగుండు."

"గదేంది?"

"రాయలింగుకు ఎడమ కాలు ఎందుకు రాదు?"

"వానికి చిన్నప్పటి సంది రాదు."

"ఓదెలు ఉన్నడు కాబట్టి రాదు. ఎన్నిసార్లు ఆడితే వస్తది? నువ్వు ఆడనియ్యవైతివి. ఆ మొగిలికి వేలు నొప్పి ఎందుకు? ఓదెలు ఉన్నడు కాబట్టి. ఆ జనార్దనుడు పెండ్లికొడుకు లెక్క ఎందుకు నిలబడుతడు? వెనుక ఓదెలు ఉన్నడు కాబట్టి." కాయ చటుక్కున విరిచింది. "నువ్వు పదిమంది ముందు మంచోనివి కావాలె. అందుకు ఆ పిలగాని కాళ్ళు అరగాలె. గిదేం మంచితనమయ్యా?"

"గట్లంటే ఖాళీ ఎట్ల పూడ్చాలె?"

"ఒక ఖాళీ పూడ్చబోయి ఇంకో ఖాళీ చేస్తున్నవ్. ఓదెలు ఒక్కడే గద. ఈడికి వస్తే ఆడ లేడు."

మధునమ్మ ఇంకో మాట పెంచలేదు. చెప్పాల్సింది చెప్పేసింది, ఇక ఆమెకు చిక్కుడుకాయ కూర ఉంది.

మర్నాడు షిఫ్టు దిగాక గట్టయ్య ఓదెల్ని క్యాంటీన్ దగ్గర పక్కకు పిలిచాడు.

"ఓదెలూ, నీకు ఏ జాగ కావాలెర?"

ఓదెలు అయోమయంగా చూశాడు. "ఎక్కడ నిలబడమంటే అక్కడ అన్నా."

"గట్ల కాదు. నీకు ఏది కావాలె?"

"తెల్వదన్నా. ఎవ్వలడగలే."

"ఇప్పుడు నేను అడుగుతున్న. రేపు చెప్పు. బాయిల నిన్ను పర్మినెంట్ చేసుడు నా చేతిల లేదు. జట్టుల జాగ ఇచ్చుడు నా చేతిలనే ఉన్నది."

ఓదెలు ఆ రోజంతా ఆలోచించాడు. మర్నాడు వచ్చి, చెప్పకూడని మాట చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"నడిమిట్ల అన్నా."

"నడిమిట్లనే ఎందుకు?"

"అన్ని జాగలల్ల ఆడిన గద. వెనకున్నోనికి ఎప్పుడు భయమైతదో తెలుసు. ముందున్నోనికి బంతి ఏడ పడాలెనో తెలుసు. గోలుల నిలబడితే ఎటు నుంచి దెబ్బ వస్తదో తెలుసు. నడిమిట్ల నిలబడితే అందరికి ఎవలిది వాళ్ళకు ఇయ్యొచ్చు."

గట్టయ్య నోరు తెరుచుకొని విన్నాడు. నాలుగేళ్ళలో ఓదెలు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. వీడు ఎక్కడైనా ఆడతాడని అందరికీ తెలుసు. ఎక్కడెక్కడో ఆడి ఏం నేర్చుకున్నాడో ఎవరికీ తెలియలేదు.

ఓదెలుకు నడిమధ్య చోటు ఇవ్వాలంటే జనార్దన్‌ను అక్కడి నుంచి లేపాలి. ఆ సాయంత్రం జనార్దన్ క్వార్టరుకు పోయాడు. చాయ్ తాగాడు. వానల గురించి మాట్లాడాడు. ఇంకో చాయ్ తాగాడు. జనార్దన్ కొన్న కొత్త కూలర్ బాగుందన్నాడు. చలికాలంలో కూలర్‌ను అంతసేపు మెచ్చుకున్నవాడు ఇంకొకడు ఉండడు. లేచి ఇంటికి వచ్చేశాడు.

"చెప్పినవా?" అంది మధునమ్మ.

"రేపు చెప్త."

"నేను పోయి చెప్పాల్నా?"

ఆ మాటకు గట్టయ్య చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగాడు. జనార్దన్ తలుపు తీయగానే, లోపలికి రమ్మనేలోపే, గుమ్మంలోనే అనేశాడు.

"జనార్దన్, ఆదివారం నుంచి నడిమిట్ల ఓదెలు ఆడుతడు. నువ్వు ఎత్తున్నవు. వెనుక నిలబడి బంతులు తలతోని ఆపాలె."

జనార్దన్ మొహం ఎర్రపట్టీ కన్నా ఎర్రగా అయింది. "బదిలీవాని కోసం నన్ను వెనుకకు పంపుతవా? మా బావకు చెప్త."

"చెప్పు. మీ బావ నడిమిట్ల ఆడుతనంటే మాత్రం రావద్దను. ఆయనకు గూడ జాగ లేదు."

ఇంటికి నడుస్తూ గట్టయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కానీ ఆకాశం విరిగి మీద పడలేదు. బావ కూడా రాలేదు. ఒక్కసారి 'కాదు' అన్నాక రెండోసారి అనడం అంత కష్టం కాలేదు.

మొగిలికి ఆ వారం వేలు నొప్పి వచ్చింది. గట్టయ్య గుడ్డపీలిక తెచ్చి వేలికి కట్టి, గోలులోనే నిలబెట్టాడు. నొప్పి రెండు రోజుల్లో తగ్గింది. రాయలింగును రోజూ గ్రౌండు చివర పాత స్టోరు గోడ దగ్గరికి తీసుకుపోయి, కుడి కాలి బూటు విప్పించాడు.

"అన్నా, ఉత్త కాలుతోని తంతే వేళ్ళు ఇరుగుతయ్" అన్నాడు రాయలింగు.

"అందుకే విప్పమన్న. బూటున్న కాలుతోని తన్ను."

ఎడమ కాలితో రోజుకు రెండు వందల సార్లు. మొదటి రోజు బంతి గోడకు తగలనే లేదు. రాయలింగు గోడను తిట్టాడు, బంతిని తిట్టాడు, గట్టయ్య వినకుండా గట్టయ్యను కూడా తిట్టాడు. శనివారానికల్లా పదింటిలో ఆరు గోడకు తగిలాయి. ఆ రోజు రాయలింగు తనంతట తానే బూటు విప్పి నిలబడ్డాడు.

నాలుగో ఆట వచ్చింది. కొత్త చోట్లలో అందరూ కొత్త చెప్పులు వేసుకున్నట్టు నడిచారు. పావుగంటకే రాయలింగు వైపు నుంచి ఒక గోలు పడింది. చూస్తున్నవాళ్ళందరూ ఒకటే గోల. "గట్టన్నా! ఓదెల్ని వెనుకకు పంపు! పంపన్నా!"

గట్టయ్య చేయి దానంతట అదే లేచింది. అది లేస్తే ఓదెలు పరిగెత్తుతాడని అతనికి తెలుసు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని బెంచీ మీద కూర్చున్నాడు. ఆట అయిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు. చేతులు తిమ్మిరెక్కాయి. కానీ నడిమధ్యన నిలబడ్డ ఓదెలు కాళ్ళ నుంచి ముందుకు రెండు బంతులు వెళ్ళాయి. సదయ్య ఆ రెంటినీ గోలు చేశాడు. రెండు ఒకటితో గెలిచారు.

ఇంక మిగిలింది ఒక్క ఆట. ఎనిమిదో బాయితో. గెలిస్తే ఫైనల్. గెలవకపోతే జట్టే లేదు.

ఆ ఆదివారం కాలనీ మొత్తం గ్రౌండు చుట్టూ చేరింది. మధునమ్మ కూడా వచ్చింది. ఎనిమిదో బాయివాళ్ళు బలమైనవాళ్ళు. మొదటి సగంలోనే ఒక గోలు కొట్టారు. రెండో సగం మొదట్లో ఓదెలు బంతిని ఇద్దరి కాళ్ళ నడుమ నుంచి జార్చి ఇస్తే, సదయ్య దాన్ని గోలులోకి నెట్టాడు. చెరొకటి. చెరొకటి అయితే సరిపోదు, ఆరో బాయి గెలవాలి.

ఇంకో పదిహేను నిమిషాలు ఉందనగా ఎనిమిదో బాయి ఆటగాడు ఒకడు గోలు మీదికి దూసుకొచ్చాడు. మొగిలి బంతి మీద పడ్డాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి బయటికి పోయింది, మొగిలి మణికట్టు వాచిపోయింది. ఈసారి నొప్పి నిజమైనదే. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆరో బాయిలో ఇంకో గోల్‌కీపర్ లేడు. ఎందుకు లేడు? ఇన్నేళ్ళూ ఆ ఖాళీ ఓదెలే పూడ్చాడు కాబట్టి ఇంకొకరికి ఎవరూ నేర్పలేదు.

అందరి కళ్ళూ ఓదెలు మీదికి తిరిగాయి. ఎవరూ చెప్పకముందే ఓదెలు గోలు వైపు నడిచాడు. మొగిలి చేతి నుంచి గ్లౌజులు తీసుకున్నాడు కూడా.

"నేను నిలబడుత అన్నా" అన్నాడు.

ఓదెలు గోలులో ఉంటే ఇంకో గోలు పడదు. అది గ్యారంటీ. ఓడిపోరు. కానీ నడిమధ్యన ఎవరు? బంతి ముందుకు ఎవరు పంపాలి? ఓడిపోకుండా ఉంటారు గానీ గెలవరు. గెలవకపోతే జట్టు ఎట్లాగూ పోతుంది. ఇంకెవరినైనా గోలులో పెట్టి, అతని చేతుల్లోంచి గోలు పడితే, కాలనీ మొత్తం గట్టయ్యను తిడుతుంది. అందరి దగ్గరా మంచివాడనిపించుకొని బతికిన మనిషికి అది చిన్న భయం కాదు.

"ఓదెలూ, గ్లౌజులు ఇటియ్యి" అన్నాడు గట్టయ్య. "నీ జాగకు నువ్వు పో. జనార్దన్! ఇటు రా. తొడుక్కో."

జనార్దన్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో జనార్దన్ ఎవరైనా ఉన్నాడేమోనని. "నేనా? నాకేం వస్తదన్నా? ఏనాడన్న పట్టిన్నా?"

"పట్టకు. అడ్డం నిలబడు. దేవుడు నీకు గంత ఎత్తు ఎందుకిచ్చిండనుకున్నవ్?"

"గోలు పడితే?"

"పడితే నన్ను తిట్టుమను. పో."

జనార్దన్ వదిలిన చోటుకు బెంచీ మీద ఉన్నవాణ్ణి దింపాడు. ఎనిమిదో బాయి కోచ్ ఇది చూసి పకపక నవ్వి, "కొట్టుర్రి, దూరం నుంచే కొట్టుర్రి!" అని తన వాళ్ళకు అరిచాడు.

కొట్టారు. మొదటి బంతి గోలు పైనుంచి పోయింది. రెండోది జనార్దన్ మోకాలికి తగిలింది. అతను ఆపలేదు, తప్పుకోవడం చేతగాక తగిలింది. చుట్టూ ఉన్న జనం మాత్రం "శభాష్ జనార్దనూ!" అని అరిచారు. ఆ అరుపుకు మనిషి ఒక జానెడు పెరిగాడు. మూడో బంతి నేరుగా మొహం మీదికి వచ్చింది. ఈసారి జనార్దన్‌కు తప్పుకునే వీలుంది. తప్పుకోలేదు. కళ్ళు మూసుకొని నిలబడ్డాడు. బంతి ముక్కుకు తగిలి ఠప్పున శబ్దం వచ్చింది. జనార్దన్ వెల్లకిలా పడ్డాడు. బంతి రాయలింగు ముందుకు దొర్లింది.

దొర్లింది ఎడమ కాలి వైపే.

ఎదుటివాడు మీదికి వస్తున్నాడు. గ్రౌండు బయట గట్టయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకున్నాడు. రాయలింగు కుడి కాలి కోసం తిరగలేదు. ఎడమ కాలితోనే తన్నాడు. బంతి కొంచెం వంకరగానే పోయింది, కానీ నడిమధ్యకు చేరింది. అక్కడ ఓదెలు ఉన్నాడు. ఎక్కడి నుంచో పరిగెత్తుకు రాలేదు. అక్కడే ఉన్నాడు.

ఓదెలు తల ఎత్తి కూడా చూడలేదు. సదయ్య ఆ క్షణాన కుడి వైపు నుంచి ఎట్లా పరిగెత్తుతాడో, ఎన్ని అడుగుల తర్వాత బంతి కావాలో అతనికి తెలుసు. ఆ చోట ఎన్నోసార్లు తాను పరిగెత్తినవాడే. ఇద్దరు ఎనిమిదో బాయివాళ్ళ మధ్య నుంచి బంతిని పంపాడు. అది వచ్చి సదయ్య కాలి ముందు, సరిగ్గా ఒక్క అడుగు ముందు పడింది. సదయ్య ఆగాల్సిన పని కూడా లేకపోయింది. పరిగెత్తే కాలితోనే కొట్టాడు.

గోలు!

గ్రౌండు చుట్టూ దుమ్ము లేచింది. అంత అరుపు ఆ కాలనీ ఎప్పుడూ వినలేదు. మధునమ్మ కొంగు నడుముకు బిగించుకొని అందరికన్నా గట్టిగా ఈల వేసింది. ఆమెకు ఈల వేయడం వచ్చని గట్టయ్యకు పెళ్ళైన ఇరవై రెండేళ్ళకు తెలిసింది. మిగిలిన ఆరు నిమిషాలూ జనార్దన్ ముక్కులో దూది పెట్టుకొని గోలులో నిలబడ్డాడు. రిఫరీ ఈల వేసేసరికి రెండు ఒకటి. ఆరో బాయి ఫైనల్‌కు చేరింది.

స్పోర్ట్స్ సారు వచ్చి గట్టయ్యతో చేయి కలిపాడు. "జట్టు ఉంటది. వచ్చే ఏడుకు బూట్ల సైజులు రాసి పంపు" అన్నాడు. రాయలింగు గ్రౌండు మధ్యలో కూర్చొని తన ఎడమ కాలి బూటును ముద్దు పెట్టుకుంటున్నాడు. ఓదెలు కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాడు. పిల్లలు చుట్టూ మూగి, "ఓదెలన్నా, నువ్వు ఏ జాగల ఆడుతవే?" అని అడిగారు. ఓదెలు మూతి తుడుచుకొని, "నడిమిట్ల" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పి ఎంత నవ్వాడంటే, నీళ్ళు పొలమారాయి.

ఫైనల్ మాత్రం ఓడిపోయారు, ఒక్క గోలు తేడాతో. ఉన్నమాట చెప్పాలి కదా. కానీ ఈసారి ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడి ఓడిపోలేదు. గట్టయ్య మర్నాటి నుంచే ఇద్దరు కుర్రాళ్ళకు గోలులో నిలబడటం నేర్పించడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు కప్పు ఆరో బాయికి వచ్చింది.

అన్ని పనులూ చేతనైన మనిషిని ప్రతి ఖాళీలోకీ తోస్తే అతని బలమూ పోతుంది, మిగిలినవాళ్ళు నేర్చుకునేదీ ఉండదు. అతనికి తగిన చోటు అతనికిచ్చి, ఎవరి పని వాళ్ళ చేత చేయించినప్పుడే పదిమందీ కలిసి గెలుస్తారు.